పదిహేడు మంది ఈరన్నలు, రెండు డేటాబేసులు

కర్నూలులో ఒక విత్తనాల కంపెనీలో డేటాబేసు చూసుకునే ఉద్యోగం చేసి, రెండేళ్ల కిందట రిటైరయ్యాను. కంపెనీ పేరు రాయను. యజమానికి కోపం జాస్తి, ఆయన చేతికి దొరికిన కాగితమల్లా చదువుతాడు. నా పేరు సుబ్బరాయుడు, సొంతూరు కమలాపురం పక్కన. ఆఫీసులో మాత్రం నన్ను సర్వర్ సుబ్బన్న అనేవాళ్లు. మొదట్లో ఒళ్లు మండేది. తరువాత ఎవరైనా ఉట్టి సుబ్బన్నా అంటే పలికేవాణ్ణి కాదు.

ఇప్పుడు మా వీధి ఇంజనీరింగ్ పిల్లలు సాయంత్రం పూట వచ్చి ఒకే ప్రశ్న అడుగుతారు. కంపెనీ డేటా అంతా క్లౌడ్ వేర్‌హౌసులో పెట్టడం మేలా, సొంత సర్వర్ మీద పాత పద్ధతి ఎంటర్‌ప్రైజ్ డేటాబేసులో ఉంచుకోవడం మేలా అని. ఇంటర్వ్యూల్లో అడుగుతారట. ఒక్క వాక్యంలో చెప్పండి సార్ అంటారు. ఒక్క వాక్యంలో తేలేదయితే మొదటి రోజే ఆ వాక్యం చెప్పేసి ఇంటికి వచ్చేవాణ్ణి కదా, ఇన్నేళ్లు అక్కడ ఎందుకు కూర్చుంటాను?

నాకు ఆ జవాబు ఒక వానాకాలంలో తెలిసింది. అది తెలిసేలోపల పత్తికొండ అవతల ఒక రైతుకు ఉన్న నాలుగెకరాల విత్తు నా చేతిలో చిక్కుకుంది. భూమిలో పదును, అంటే విత్తే తడి, ఉండగా అతనికి విత్తనం చేరుతుందా లేదా అన్నది కంప్యూటరులో నేను కొట్టే ఒక్క వరుస మీద పడింది. అందుకని ప్రమోషన్లు, మెమోలు, వీడ్కోలు సభలో వేసిన దండలు అన్నీ వదిలేసి ఆ ఒక్క కథే రాస్తున్నాను.

చెప్పులు విప్పి లోపలికి రావాలి

మా సర్వరు రెండో అంతస్తులో ఒక ఏసీ గదిలో ఉండేది. ఆ గదిలోకి ఎవరైనా చెప్పులు విప్పి రావాల్సిందే. దుమ్ము పడుతుందని పెట్టిన నియమం అది. కానీ కొన్నాళ్లకు ఊడ్చే లక్ష్మమ్మ గుమ్మానికి పసుపు రాసింది, ఆయుధపూజ నాడు నేనే నిమ్మకాయ కట్టాను. బయటివాళ్లు వస్తే చేతులు కట్టుకుని నిలబడేవాళ్లు. నాకు అది తప్పని ఒక్కరోజు కూడా అనిపించలేదు.

ఆ డేటాబేసు చేసే పని చెబుతాను. కర్నూలు నుంచి కడప దాకా మాకు నలభై డిపోలు. రైతు వచ్చి రెండు మూటల వేరుశనగ విత్తనం కావాలంటాడు. గుమాస్తా అతని పేరు, ఊరు, విత్తనం రకం, అది ఏ లాటులోది, అంటే ఏ విడత సరుకో, అన్నీ కొట్టి బిల్లు ఇస్తాడు. అదే క్షణంలో ఇంకో డిపోలో ఇంకో గుమాస్తా అదే గోదాములోని చివరి మూటకు బిల్లు కొట్టబోతే డేటాబేసు ఒప్పుకోదు. ఒక్క మూటను ఇద్దరికి అమ్మనివ్వదు. కరెంటు పోయినా, గుమాస్తా మధ్యలో టీకి లేచిపోయినా, సగం బిల్లు అనేది మిగలదు. ఉంటే మొత్తం ఉంటుంది, లేకపోతే అసలు ఉండదు. పాత డేటాబేసు గొప్ప అదే, అది చిన్న గొప్ప కాదు.

ఇక దాని రోగం చెబుతాను. మా యజమాని ఓబుళరెడ్డిగారికి ప్రశ్నలు ఎక్కువ. ఆ ప్రశ్నలు సరిగ్గా తొలివాన పడిన మరునాడు, డిపోల ముందు రైతులు బారులు తీరినప్పుడు పుట్టేవి.

"ఏమప్పా సుబ్బరాయుడూ, పదేండ్లల్లో యా మండలంలో యా రకం ఎంత పోయింది, వాన ఎప్పుడు పడింది, రెండూ కలిపి చూపీ."

చూపించాలంటే పదేళ్ల బిల్లులన్నీ ఒక్కొక్కటిగా తిరగేయాలి. నేను ఆ రిపోర్టు మొదలుపెట్టిన రెండు నిమిషాలకు నలభై డిపోల్లో బిల్లు కొట్టడం ఆగిపోయేది. ఒకసారి కోయిలకుంట్ల డిపో మేనేజరు ఫోన్ చేసి, "సార్, మీ కంప్యూటర్ నిద్రపోతాండాది. ఈడ రైతులు నన్ను లేపుతాండారు" అన్నాడు. వెనక నుంచి ఎవరో నా తల్లిదండ్రులను గుర్తుచేసుకోవడం ఫోనులో స్పష్టంగా వినిపించింది.

ఇలాంటి రిపోర్టులు డిపోలు మూసేశాక తీద్దామని ఓబుళరెడ్డిగారికి చెప్పాను. సర్వరు జ్ఞాపకశక్తి గురించి, డిస్కు వేగం గురించి అరగంట చెప్పాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆపప్పా కొంచెం. నాకు ఆలోచన పగలు వస్తాది. నీ సర్వర్ కోసరం దాన్ని మూటగట్టి దాచిపెట్టుకోవాల్నా?"

ఆయన అడిగిందాంట్లో తప్పు లేదు. ఆ మాట అప్పుడు ఒప్పుకోవడానికి నాకు మనసు రాలేదు.

అంకుల్

అలాంటప్పుడు షబానా వచ్చింది. కర్నూలు పిల్లే. బెంగుళూరులో ఆరేళ్లు పనిచేసి, ఇంటి దగ్గర ఉండాలని వచ్చేసింది. ముప్పై ఏళ్లుంటాయి. మొదటి రోజే నన్ను అంకుల్ అంది. ఆఫీసులో అందరికీ నేను సార్‌ను. యజమాని కూడా నలుగురిలో పేరుకు అప్పా చేర్చి పిలుస్తాడు. ఈ అంకుల్ ఎక్కడిది? ఆ రోజే మనసులో ఒక ముడి వేసుకున్నాను.

ఆమె తెచ్చిందే క్లౌడ్ వేర్‌హౌసు. పని సులువుగానే అర్థమైంది, కానట్టు నటించాను గానీ. మన డేటాకు ఒక నకలు తీసి ఎక్కడో దూరంలో ఉన్న పెద్ద కంప్యూటర్ల మీద పెడతారు. అక్కడ బిల్లు బిల్లుగా కాకుండా, ఊళ్లన్నీ ఒక వరుస, రకాలన్నీ ఒక వరుస, మూటలన్నీ ఒక వరుసగా పేర్చి ఉంచుతారు. పెద్ద ప్రశ్న అడిగితే కావలసిన వరుసలే చదివి, ఎన్నో కంప్యూటర్లు పంచుకుని జవాబు చెబుతాయి. డిపోల బిల్లుల జోలికి అది రాదు. నా సర్వరు పద్దెనిమిది నిమిషాలు తీసుకునే రిపోర్టు ఆమె తెర మీద మూడు సెకండ్లలో వచ్చింది.

ఓబుళరెడ్డిగారికి పిచ్చి ఎక్కింది. పొద్దున రావడం, తెర ముందు కూర్చోవడం, ప్రశ్నలు అడగడం. "పోయినేడు మంగళారాలు ఎన్ని మూటలు పోయినాయిమ్మా?" మూడు సెకండ్లు. "కోడుమూరులో కందులా, పత్తా?" మూడు సెకండ్లు. జవాబుతో ఆయనకు పని లేదు, మూడు సెకండ్లలో రావడమే ఆయనకు కావాలి. పదో రోజున సమావేశం పెట్టి, ఈ సీజను అయిపోగానే పాత సర్వరు ఆపేద్దామన్నాడు. అందరూ నా వైపు చూశారు. నేను పైకప్పు వైపు చూశాను.

బిల్లు కొట్టే పనికి వేర్‌హౌసు సరిపోదని నాకు తెలుసు. దాంట్లోకి నకలు వెళ్లేది రోజుకొకసారి. అది నిన్నటి సంగతి బాగా చెబుతుంది, ఈ నిమిషం గోదాములో ఎన్ని మూటలున్నాయో చెప్పలేదు. ఒకే మూటకు రెండో బిల్లు పడితే వద్దనే గట్టితనం కూడా దానికి తక్కువ. ఇవన్నీ అక్కడే చెప్పాలి. చెప్పలేదు. ఆపేయండి, అప్పుడు మీకే తెలుస్తుంది అనుకుని ఊరుకున్నాను. పదేళ్ల పిల్లవాడిలా అలిగాను.

రెండు రోజులకు షబానా నా బల్ల దగ్గరికి వచ్చింది. చేతిలో ఒక కాగితం.

"అంకుల్, రైతుల పట్టికలో గుర్తు అని ఒక కాలమ్ ఉంది. అందులో రేడియో, మేకలు, మిలిటరీ, సోడా అని ఏవేవో ఉన్నాయి. ఇదేంది?"

ఇక్కడ కొంచెం ఆగి ఆ కాలమ్ కథ చెప్పాలి. జిల్లాకు పశ్చిమాన ఉన్న ఊళ్లలో ఉరుకుంద ఈరన్నస్వామికి మొక్కుకుని బిడ్డలకు ఆయన పేరే పెడతారు. తాతకు ఈరన్న, మనవడికి ఈరన్న, పక్కింటి మనవడికీ ఈరన్న. ఆ ఊళ్లలో ఒకదాంట్లో మా దగ్గర విత్తనం కొనే ఈరన్నలే పదిహేడు మంది. ఊరి పేరు చెప్పను, చెబితే పదిహేడు మందీ ఫోన్ చేస్తారు. చాలా ఏళ్ల కిందట పత్తికొండ డిపో గుమాస్తా మొరపెట్టుకున్నాడు. "సార్, ఒక ఈరన్నకు బిల్లు కొడితే ఇంగో ఈరన్న మీద పడతాండాది." రైతుకొక నంబరు ఇచ్చి, అది రాసిన కార్డు చేతికివ్వడం సరైన పద్ధతి. నేను అన్నం తింటున్నాను. ఎడమ చేత్తో ఐదు నిమిషాల్లో గుర్తు అనే కాలమ్ ఒకటి చేర్చి, ఊళ్లో వాళ్లను ఎలా పిలుస్తారో అదే రాసుకోమన్నాను. నంబర్ల పని రేపు చూద్దామనుకున్నాను. ఆ రేపు పద్దెనిమిదేళ్లు నడిచింది.

ఫోను నంబరుతో తేల్చుకోవచ్చు కదా అని మీరడుగుతారు. ఆ ఊరివాళ్లు విత్తనాల కోసం అందరూ బస్సెక్కి రారు. ఖాజా అనే ఆటో అతను అందరి పేర్లూ చీటీ మీద రాసుకుని వచ్చి, అందరివీ ఒకేసారి వేసుకుపోతాడు. కాబట్టి పదిహేడు మంది ఈరన్నలకూ ఫోను నంబరు ఖాజాదే.

ఇదంతా షబానాకు చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. నేను అన్న మాట ఇది:

"ఏదో గుమాస్తాలు పొద్దుపోక రాసుకునే చెత్తమ్మా అది."

ఆమె థాంక్స్ అంకుల్ అని వెళ్లి తన నకలులోంచి ఆ కాలమ్ తీసేసింది. పేరు, ఊరు, ఫోను మూడూ ఒకటే అయితే ఒకే మనిషి అని నియమం పెట్టింది. ఆమెకు తెలిసినంతలో అది సరైన నియమమే.

డెబ్బై ఎకరాల ఆసామి

వారానికల్లా తెర మీద ఒక అద్భుతం కనిపించింది. మా కంపెనీ రైతులందరిలోకీ పెద్ద రైతు పేరు ఈరన్న. ఏటా డెబ్బై ఎకరాలకు మన విత్తనమే వేస్తున్నాడు. ఓబుళరెడ్డిగారు ఉబ్బిపోయాడు.

"ఇట్లాంటి ఆసామి ఇన్నేండ్లు మన దగ్గర ఉంటే నీ సర్వర్ ఒక్కసారన్నా చెప్పిందాప్పా? శాలువా కప్పల్ల ఆయప్పకు."

మా ఆఫీసు మేనేజరు ఆ నంబరుకు ఫోన్ చేశాడు. ఎత్తింది ఖాజా. మీ ఊరి ఈరన్నను పిలుచుకుని రావయ్యా అంటే, "యా ఈరన్నను సార్?" అన్నాడు. పెద్ద రైతు ఈరన్నను అన్నాడు మేనేజరు. ఖాజా కాసేపు ఆలోచించి, ఆ రోజు పని లేకుండా ఉన్న ఈరన్నను ఆటోలో ఎక్కించుకుని వచ్చాడు. అతను రేడియో ఈరన్న. వెనకటికి ఊళ్లో మొదట రేడియో కొన్నాడని ఆ పేరు.

ఓబుళరెడ్డిగారు హాలులో అందరి ముందూ శాలువా కప్పి, మైకులో అన్నాడు: "డెబ్బై ఎకరాల ఆసామి. చూడండప్పా, ఎంత అణకువో. ఆటోలో వచ్చినాడు. కాళ్లకు చెప్పులు గూడ ల్యావు."

చెప్పులు హాలు గుమ్మం దగ్గర మేమే విప్పించాం.

రేడియో ఈరన్న చేతికి మైకు ఇచ్చారు. అతను బెదిరిపోయి, "నాకు ఉండేది మూడెకరాలు సామీ" అన్నాడు.

హాలంతా చప్పట్లు. ఓబుళరెడ్డిగారు మైకు లాక్కుని, "వింటిరా! అడిగితే మూడెకరాలంటాడు. నిజమైన ఆసామి ఆస్తి బయటికి చెప్పడు. మన నాయకులు నేర్చుకోవాల" అన్నాడు. ఈరన్న ఇంకోసారి నోరు తెరవబోయి, శాలువా బాగుందని చూసుకుని మూసుకున్నాడు.

నేను సర్వరు గదిలోకి పోయి తలుపు వేసుకుని, కడుపు పట్టుకుని నవ్వాను. కళ్లలో నీళ్లొచ్చాయి. ఉద్యోగంలో అంత సుఖంగా ఏ రోజూ నవ్వలేదు.

సాయంత్రం షబానా వచ్చింది. ఆమె ముఖంలో నవ్వు లేదు.

"అంకుల్, ఆయన మూడెకరాలే అన్నాడు. అబద్ధం చెప్పే మనిషిలా లేడు. నా డేటాలో ఏదో తప్పుందేమో. ఒకసారి చూస్తారా?"

"డేటా నీదమ్మా. నీ క్లౌడును అడుగు" అన్నాను.

మొదటిసారి చెప్పకపోవడం అలక అనుకోండి. ఈ రెండోసారిది దుర్మార్గం. మెత్తని మాట వాడను.

మొలవని లాటు

ఆషాఢంలో దెబ్బ పడింది. ఒక లాటు వేరుశనగ విత్తనం సరిగ్గా మొలవలేదు. చేలల్లో ఇక్కడొక మొక్క, అక్కడొక మొక్క. ఓబుళరెడ్డిగారిలో ఎన్ని లోపాలున్నా ఒక గుణం ఉంది, తప్పు దాచడు.

"తప్పు మనది. ఆ లాటు కొన్నోళ్లందరికీ మల్లా విత్తనం ఇద్దాం. ఉట్టిగనే. నిన్న ఆదివారం మల్లా వాన పడింది, నాలుగు దినాలు పదునుంటాది. ఆ లోపల చేరల్ల. చేరకపోతే ఆ చేను ఈ ఏడుకు పోయినట్టే."

మెట్టభూమి తెలియని పిల్లల కోసం చెబుతున్నాను. మా దగ్గర ఎర్రనేలలో వాన పడ్డాక విత్తడానికి వీలైన తడి ఉండేది ఆ నాలుగు రోజులే. ఆషాఢం గాలి లేస్తే మూడే. ఆ తరువాత విత్తనం చేతిలో ఉన్నా, ఎద్దులున్నా, ట్రాక్టరున్నా చేయగలిగింది లేదు.

జాబితా వేర్‌హౌసు నుంచి తీశారు. మనిషికి నాలుగు మూటలు మించకుండా. ఆ ఊరికి వచ్చేసరికి ఒకే ఒక ఈరన్న, నాలుగు మూటలు. ఆ సోమవారమే వ్యాను పోయి ఇచ్చి వచ్చింది. మంగళవారం పొద్దున మేమంతా ఓబుళరెడ్డిగారి గదిలో ఉండగా ఖాజా ఫోను. ఆయన స్పీకరు పెట్టాడు.

"సార్, రేడియో ఈరన్నకు నాలుగు మూటలు ముట్టినాయి. శానా సంతోషం. మిగతా ఈరన్నలు నా ఆటోలో ఎక్కి కూచోనుండారు. నేను బాడుగలకు పోవాల. దిగమంటే దిగరు."

"మిగతా ఈరన్నలేందప్పా? ఎందరుండారు?"

"ఆటోలో ఆరుమంది సార్. కింద ఇంగా ఉండారు."

గదిలో అందరూ షబానా వైపు తిరిగారు. ఓబుళరెడ్డిగారు నోటికొచ్చినట్టు తిట్టాడు. డెబ్బై ఎకరాల ఆసామికి తాను కప్పిన శాలువా గుర్తొచ్చి ఇంకా తిట్టాడు. ఈ సంగతి అయిపోనీ, నీ క్లౌడు సంగతీ నీ సంగతీ వారం లోపల తేలుస్తానన్నాడు. గుర్తు కాలమ్ చెత్త అని ఎవరు చెప్పారో ఆమె అక్కడే చెప్పొచ్చు. చెప్పలేదు.

అప్పుడు నేను గొంతు సవరించుకున్నాను. "సార్, మన పాత డేటాబేసులో అందరూ విడివిడిగా ఉండారు. రెండు నిమిషాలు" అన్నాను. అందరూ నా వెంట సర్వరు గదికి వచ్చారు. చెప్పులు విప్పి మరీ వచ్చారు. రేడియో ఈరన్నకు ముట్టింది కదా, కాబట్టి ఆ లాటు కొన్న ఈరన్నల్లో గుర్తు రేడియో కానివాళ్లందరినీ చూపించు అని ఒక్క వరుస కొట్టాను. పేర్లు వచ్చాయి. గట్టిగా చదివాను. మేకల ఈరన్న, సోడా ఈరన్న, పటాలంలో ఎన్నడూ చేరని మిలిటరీ ఈరన్న, పోయిన మరునాడే తిరిగొచ్చేసిన హైదరాబాదు ఈరన్న. ప్రతి పేరుకూ నవ్వులే. పదిహేను మంది. మధ్యాహ్నానికి లారీ బయలుదేరింది.

"పాతదే మేలప్పా. నీ సర్వర్ బంగారం" అని ఓబుళరెడ్డిగారు నా భుజం తట్టాడు. ఆ రోజు నేను రెండు పూటల అన్నం ఒకే పూట తిన్నాను.

ఉట్టి ఈరన్న

గురువారం పదకొండు గంటలకు ఒకాయన నా బల్ల ముందు నిలబడ్డాడు. అరవై దాటిన మనిషి. చంకలో ప్లాస్టిక్ కవరు, దాంట్లో మా కంపెనీ బిల్లులు, ఎన్నేళ్లవో. తెల్లారుజామున బస్సెక్కి వచ్చాడట.

"ఈరన్నను సార్. నాకు విత్తనం రాల్యా."

"యా ఈరన్న పెద్దాయనా?"

"ఉట్టి ఈరన్ననే."

నేను నవ్వుతూనే తెర మీద వెతికాను. ఉన్నాడు. ఆ ఊరి నుంచి మా దగ్గర మొట్టమొదట విత్తనం కొన్న ఈరన్న ఆయనే. ఆయన పేరు ఎక్కినప్పుడు ఇంకో ఈరన్న లేడు కాబట్టి గుర్తు అక్కరలేకపోయింది. తరువాత వచ్చినవాళ్లకే గుర్తులు. ఆయన గడి ఖాళీ.

డేటాబేసులో ఖాళీ గడి ఉంటే, రేడియో కానివాళ్లను చూపించు అని అడిగినప్పుడు అది ఆ మనిషిని చూపించదు. ఖాళీ కదా, రేడియో అవునో కాదో నాకు తెలియదు అని పక్కన పెడుతుంది. ఈ పనిలోకి వచ్చిన మొదటి నెలలో నేర్చుకునే పాఠం ఇది. ఎంతోమందికి నేనే నేర్పాను, మర్చిపోయినవాళ్లను పదిమందిలో ఎగతాళి చేశాను. అసలు ఎంతమంది ఈరన్నలున్నారని ముందు ఒక్కసారి లెక్క అడిగినా పదిహేడని తెలిసేది. హీరో అయ్యే తొందరలో అడగలేదు.

షబానా ఎప్పుడు వచ్చి నా వెనక నిలబడిందో తెలియదు. తెర చూసింది. ఆమెకు ఒక్క చూపు చాలు. అరిచి ఆఫీసంతా పిలవొచ్చు. పిలిస్తే నేనేమీ అనలేను.

"నా కారు ఉంది అంకుల్. గోదాములో మూటలు వేసుకుని పోదాం" అంది.

నాలుగు మూటలు ఆ చిన్న కారులో వెనక పెట్టాం. ఈరన్న ముందు కూర్చున్నాడు. నేను మూటల పక్కన, ఒక మూట ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. కోడుమూరు దాటాక గాలి మొదలైంది. ఈరన్న చెయ్యి కిటికీ బయట పెట్టి చూసుకుని, మళ్లీ లోపలికి తీసుకున్నాడు. పది కిలోమీటర్లు పోయాక మళ్లీ పెట్టి చూశాడు.

"మంగళవారం లారీ వచ్చినప్పుడు అడగలేదా పెద్దాయనా?" అన్నాను.

"అడిగితి సార్. లిస్టులో ల్యావన్యారు. నీ గుర్తేందని అడిగిరి. నాకు యా గుర్తూ ల్యాకపాయె. రేపు ఇంగో లారీ వస్తాదేమోనని రోడ్డుకాడ కూచోనుంటి."

"మిగతావాళ్లను అడిగి తీసుకోవాల్సింది."

"ఎవురి చేనికి వాళ్లకే చాలీచాలకుండ వచ్చె. ఎట్ల అడుగుదును?"

చేను దగ్గర దిగేసరికి నాలుగయింది. చుట్టుపక్కల చేలన్నీ విత్తి, సాళ్లు తిన్నగా కనిపిస్తున్నాయి. ఈయన చేనులో సాలు లేదు. ఈరన్న వంగి కాలి మడమతో నేలను గీరి, జానెడు లోతున మట్టి తీసి పిడికిట్లో నొక్కాడు. పిడికిలి విప్పాడు. ముద్ద కాలేదు, వేళ్ల సందుల్లోంచి రాలిపోయింది. ఇంకో చోట తీశాడు. మూడు చోట్ల తీశాడు.

"ఆరిపాయె సార్. నిన్నటి పొద్దుకు గూడ ఉన్నింది."

నేను మూట ఇంకా చేతుల్లో పట్టుకునే ఉన్నాను. కింద పెట్టాలని తోచలేదు. షబానా అటు తిరిగి నిలబడింది.

"ఇంగో వాన పడితే ఏస్తా. పడకుంటే ఉలవలు సల్లుతా. మూటలు ఈడ పెట్టిపోండి" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. ఇంటికి రమ్మని, మజ్జిగ ఇప్పించాడు. తాగుతుంటే అడిగాడు.

"సార్, ఎవరో పాప తప్పు చేసిందని లారీకాడ చెప్పుకుంటాండ్రి. ఈ పాపేనా?"

"నేనే పెద్దాయనా" అంది షబానా.

"నాది గూడ నీ తప్పేనామ్మా?"

నేనే అన్నాను: "కాదప్పా. నీది నా తప్పు. మిగతావాళ్లది గూడ నా తప్పే. నాకు తెలిసీ ఈ పాపకు చెప్పలేదు."

"ఆ మాట మీ ఆఫీసులో చెప్తివా?"

లేదన్నాను. ఆయన ఖాళీ గ్లాసు అందుకుని లోపలికి పోయాడు.

ఓబుళరెడ్డిగారి గదిలో

మరునాడు పొద్దున్నే ఆయన గదికి పోయాను. షబానాను కూడా పిలిచాడు, లెక్క తేల్చడానికి. నన్ను చూసి, "రాప్పా. క్లౌడు తీసేసి నీ సర్వరే పెట్టుకుందాం. అంతే కదా?" అన్నాడు.

కాదన్నాను. రెండూ ఉండాలన్నాను. రైతు కౌంటరు ముందు నిలబడి ఉంటే ఆ పని పాత డేటాబేసుది, అక్కడ ఒక్క మూట తేడా రాకూడదు. మీరు కుర్చీలో కూర్చుని పదేళ్ల సంగతి అడిగితే అది క్లౌడుది, దానికోసం నలభై డిపోలను ఆపడం నేను చేసిన బుద్ధితక్కువ పని. ఎవరు అడుగుతున్నారు, జవాబు తప్పితే ఎవరికి నష్టం, అది ముందు చూసుకుని ఏది కావాలో తేల్చుకోవాలి. కానీ మనిషికి ఒక నంబరు లేకపోతే రెండూ దండగే, ఒకటి పదిహేడు మందిని ఒకణ్ణి చేస్తుంది, రెండోది ఒకణ్ణి లేకుండా చేస్తుంది. పిల్లలూ, మీరడిగే ప్రశ్నకు నా దగ్గర ఉన్న జవాబు ఇంతే. మిగతాది పుస్తకాల్లో ఉంటుంది.

తరువాత అసలు సంగతి చెప్పాను. షబానా రెండుసార్లు అడిగిందని, నేను రెండుసార్లూ తెలిసే చెప్పలేదని, నిన్న ఒక చేను ఆరిపోయిందని. గదిలో ఉన్న నలుగురూ వింటున్నారు.

ఓబుళరెడ్డిగారు అరుస్తాడనుకున్నాను. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇరవై నాలుగేండ్లుగా నువ్వు నోరు మూస్తే బాగుండునని నేను అనుకోని దినం ల్యాదప్పా సుబ్బరాయుడూ. తెరవాల్సిన దినం మూసుకుంటివి గదా."

షబానా వైపు తిరిగి, "నువ్వు పోయి పని చూసుకోమ్మా. ఆ నంబర్ల పని మొదలుపెట్టు. ఆయప్పను దగ్గర కూచోబెట్టుకుని చెప్పించుకో" అన్నాడు. నాతో మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు.

తరువాత వాన నెలన్నరకు గానీ పడలేదు, అప్పటికి వేరుశనగకు అదను దాటిపోయింది. ఈరన్న నాలుగెకరాల్లో ఉలవలు చల్లాడు.